నేను రాసిచ్చిన ప్రమాణం

పేపర్లో పనిచేసిన ముప్పై ఏళ్లలో నేను చాలాసార్లు రాసిన మాట ‘నెపంతో’. చేతబడి నెపంతో వృద్ధురాలిపై దాడి. మంత్రాల నెపంతో కుటుంబం వెలి. ఆ ఒక్క మాట పడితే రాసినవాడికి ఏ పూచీ ఉండదు. చేశారని మేం అనం, చేయలేదనీ అనం. మంచాల వైపు ఒక ఊళ్లో ఒక ముసలాయన పళ్లు పట్టకారుతో ఊడబెరికితే ఏడు లైన్లు పంపాను. పళ్లు లేకపోతే నోట మంత్రం పలకదని ఆ ఊరివాళ్ల నమ్మకం. డెస్కులో దాన్ని ఐదు లైన్లు చేశారు. మర్నాడు మళ్లీ ఆ ఊరికి పోలేదు. సాగర్ రోడ్డు మీద లారీ బోల్తా పడితే అక్కడికి పోయాను.

ఇప్పుడు రాసేది ఐదు లైన్లలో అయ్యేది కాదు. ఇందులో నా చేతిరాత కూడా ఉంది.

పని మానుకున్నాక ఇబ్రహీంపట్నం శివారులో ఇల్లు కట్టుకున్నాను. ఒకప్పుడు జొన్న, కంది పండిన చెలక అది. ఇప్పుడు రాళ్ల మీద నంబర్లు వేసిన ప్లాట్లు, మధ్యమధ్య సున్నం కూడా వేయని ఇళ్లు. కాలనీ వెనక ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ ఉంది. మా వీధి చివర మూడు దారులు కలుస్తాయి. ఆ మలుపులో ఉన్న మూడంతస్తుల ఇల్లు మా కాలనీ సంఘం అధ్యక్షుడిది. చెలక వాళ్ల నాయనది, అమ్మింది ఇతను. ఎదురుగా ఉన్న ఖాళీ ప్లాట్లు కూడా ఇంకా ఇతనివే.

ఆ ఇంట్లో మెట్ల కింద గది ఒకావిడకు అద్దెకిచ్చాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, గోదావరి వైపు నుంచి వచ్చింది, ఒంటరిది. హాస్టల్లో వంట చేసేది. కాలనీ వాళ్లకు ఆమె ‘ఆంధ్రామె’. అంతకు మించి ఎవరూ తెలుసుకోలేదు. హాస్టల్లో పొద్దున నాలుగింటికల్లా పొయ్యి వెలగాలి. ఆ వేళకు బస్సుల్లేవు, ఆటోల్లేవు. చుట్టుపక్కల గదులన్నీ చదువుకునే పిల్లలతో నిండిపోయి ఉంటాయి. ఆ మెట్ల కింద గది ఉంటేనే ఆమెకు ఆ పని. గది పోతే పని పోయినట్టే.

మొదటిసారి నేను ఆమెతో మాట్లాడింది ఒక పగలు పదకొండింటప్పుడు. మలుపులో, ఖాళీ ప్లాటు అంచున గొంతుక్కూర్చుని, స్టీలు డబ్బాలోంచి ఏదో తెల్లటి పిండి చిటికెలు చిటికెలుగా నేల మీద వేస్తోంది.

“ఏందమ్మా గది?” అన్నాను. అడగడం నా పాత అలవాటు.

“చీమలకండీ అన్నయ్యగారూ. బొంబాయి రవ్వ, పంచదార.”

“మొక్కా?”

“మొక్కు కాదండీ, బాకీ,” అని నవ్వింది. “మూడొందల మందికి అన్నం వండుతానా, వార్చిన గంజి వెనకాల తూములో పొయ్యాలి. మెతుకులుంటాయని అక్కడికి చీమలు బారులు కట్టి వచ్చేస్తాయి. చల్లారబెట్టి పోద్దామంటే రెండో వాయికి గిన్నె ఖాళీ అవ్వాలి కదండీ. మరిగింది మరిగినట్టే పోసెయ్యడమే. రోజుకి ఎన్ని పోతాయో.”

“ఆడ పోయిన చీమలకు ఈడ పెడితె ఎట్ల ముడుతది?”

ఆమె నా అమాయకత్వానికి జాలిపడ్డట్టు చూసింది. “అవన్నీ చుట్టాలే కదండీ. ఎదురుపడితే ఆగి, మొహంలో మొహం పెట్టి మాట్లాడుకుంటాయి, మీరెప్పుడూ చూళ్లేదా? అక్కడ పోసేదీ ఈవిడే, ఇక్కడ పెట్టేదీ ఈవిడే అని చెప్పుకుంటాయి. కావాలని చెయ్యట్లేదని తెలుసుకుంటాయండీ.”

ఇంటికొచ్చి అన్నం తింటూ మా ఆవిడకు ఈ సంగతి చెప్పి నవ్వాను. ఆ నవ్వు ఇక్కడ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

వానాకాలం వచ్చింది. చల్లిన రవ్వ చల్లినట్టే కొట్టుకుపోతోంది. హాస్టల్లో చట్నీకి రోజూ కొబ్బరికాయలు కొడతారు, చిప్పలకు కొదవలేదు. ఆమె మూడు చిప్పలు తెచ్చి, కింద రవ్వ పోసి, వాటిని బోర్లించి, చీమలు దూరడానికి ఒక్కో చిప్ప అంచు కింద ఒక్కో రాయి పెట్టింది. మూడు దారుల మలుపులో మూడు బోర్లించిన చిప్పలు, లోపల తెల్లటి పొడి. ఆ వారంలోనే అమావాస్య పడింది.

ఇది చదివేవాళ్లలో మా వైపు వాళ్లెవరైనా ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. మలుపులో నిమ్మకాయ కనిపిస్తే చెప్పులు పక్కకు జరిపి నడిచే మనుషులం మేం. నేనూ అంతే. ఆమె వైపు కూడా ఆ భయం లేదనుకోను. కానీ చీమలు తడవకూడదని చూసుకుంటున్న మనిషికి తన చిప్పలు ఎదుటివాళ్ల కంటికి ఎలా కనిపిస్తాయో తట్టలేదు.

అధ్యక్షుడి పక్కింట్లో ఒకటో తరగతి చదివే పాప ఉంది. తల్లిదండ్రులిద్దరూ పట్నంలో పనికి పోతారు, నాయనమ్మ చూసుకుంటుంది. స్కూలు బస్సు ఆగేది ఆ మలుపులోనే. అమావాస్య మర్నాడు పాప ఒక చిప్పను కాలితో తన్నింది. బూటుకు తెల్లటి పొడి అంటింది. మూడో రోజుకు జ్వరం. ఇబ్రహీంపట్నం దవాఖానలో చూపించారు. డెంగీ అన్నారు, రక్తకణాలు పడిపోతున్నాయన్నారు, పట్నం తీసుకుపొమ్మన్నారు. ఆ నెల మా కాలనీలో ప్రతి రెండో ఇంట్లో జ్వరమే. ఖాళీ ప్లాట్లలో మోకాలి లోతు నీళ్లు నిలిచి, వాటి మీద దోమలు పొగలా లేచేవి. ఆ ప్లాట్ల గురించి సంఘంలో ఒక్కరూ నోరెత్తలేదు.

చిప్పల ఫొటో మాత్రం కాలనీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. చుట్టూ ఎర్రటి గుండ్రటి గీత.

“మొన్న అమాస. ఎవ్వరు పెట్టిన్రో మీకు ఎర్కనే.”

“ఆంధ్రామెనే. మా కెమెరాల ఉంది.”

“పట్టపగలు పెడుతుందంటె ఎంత ధైర్యం చూడుండ్రి.”

“ఎన్కట అయితె పళ్లు పీకెటోళ్లు.” దాని పక్కన నవ్వే బొమ్మలు ఐదు.

‘అవి చీమలకు పెట్టినవి, నేను స్వయంగా అడిగాను’ అని టైపు చేశాను. పంపలేదు. ఆంధ్రోళ్ల మనిషి అనిపించుకోవడం నాకిష్టం లేదు. పైగా అప్పుడే ఎందుకు, ఇంకొంచెం చూద్దాం అనుకున్నాను. రెండు పక్షాల మాటా వినాలని పేపర్లో కొత్తగా చేరిన కుర్రాళ్లకు నేనే చెప్పేవాణ్ని. అవతలి పక్షానికి గ్రూపులో నంబరే లేదని నాకు తెలియదా? టైపు చేసింది చెరిపేశాను.

వారం గడిచింది. బోరు నల్లా దగ్గర ఆమె బిందె పెడితే మిగతా ఆడవాళ్లు బిందెలు తీసుకుని పక్కకు జరిగేవాళ్లు. ఆరేసిన చీర బురదలో పడేసి ఉండేది. ఒక పొద్దున ఆమె గది గొళ్లానికి పాత చెప్పుల జత వేలాడింది. ఆమె వాటిని విప్పి, ఎవరి పిల్లలో ఆడుకుంటూ కట్టి మర్చిపోయారనుకుని, కడిగి గోడ మీద పెట్టింది. ఆ చెప్పులు రెండు రోజులు అక్కడే ఉన్నాయి.

పాప నాయనమ్మ రోజూ అధ్యక్షుడి గడప మీద వచ్చి కూర్చునేది. ఆమెను తప్పు పట్టడం తేలిక. కానీ నేను ఆమె చేతులు చూశాను. పాప బూట్లు ఒళ్లో పెట్టుకుని, వాటిని కొంగుతో తుడుస్తూనే ఉండేది. “పొద్దుగాల్ల బస్సెక్కిచ్చింది నేనే గద. నేనే గద తొక్కనిచ్చిన,” అనేది. ఎవరి మీదనైనా పడేయకపోతే ఆ మాట ఆమెను తినేసేది.

శనివారం సాయంత్రం అధ్యక్షుడు మా ఇంటికి వచ్చాడు.

“సారూ, గామెను పంపకుంటె సామాను బయటేస్తమంటున్రు పోరగాండ్లు. నాకు ఊకె లొల్లి అయితుంది.”

“అవి చీమలకు పెట్టిందంట. నేనే అడిగిన,” అన్నాను చివరికి.

పకపకా నవ్వాడు. “చీమలకా? మీరు గింత చదువుకోని గదే నమ్మిన్రా సారూ? సరే, గా మాటనే పోచమ్మ ముంగట చెప్పమనుండ్రి. నేను పాపాత్మున్ని కాను. తడిబట్టలతోని ప్రమాణం చేస్తె ఉంటది. చెయ్యకుంటె పోతది. నాకు రెండూ ఒకటే.”

“ఆమె ఏమంటది?”

“ఎగిరి గంతేసింది. రేపే చేస్త అన్నది.” కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. “మాటలు మీరు రాసియ్యాలె. మా నోట్లకెళ్లి అయితె బూతులొస్తయ్. మీరు పేపరోళ్లు, ఎన్క ముందు చూస్కోని గట్టిగ రాస్తరు.”

రాస్తానన్నాను. ఆమెను కాపాడుతున్నాననే అనుకున్నాను.

తెల్ల కాగితం తీసి మొదట రెండు వాక్యాలు రాశాను. ‘పోచమ్మ తల్లి సాక్షిగా చెబుతున్నాను. ఈ పాపకు గానీ, ఈ కాలనీలో మరెవరికి గానీ నేను కీడు తలపెట్టలేదు.’ అది సరిపోయేది. కానీ పెన్ను పెట్టేయలేకపోయాను. ఖండన రాస్తే సందు ఉండకూడదని నాకు నేర్పిన పెద్దాయన ఒకరు డెస్కులో ఉండేవారు. ఈ కాలనీలో చేయలేదు సరే, వాళ్ల ఊళ్లో ఏం చేసివచ్చిందో అని రేపు ఎవడైనా అంటే? ఆ సందు కూడా మూసేద్దామని ఇంకొకటి చేర్చాను. ‘ఈ చేతులతో ఏనాడూ ఏ ప్రాణికీ హాని చేయలేదు.’

పైకి రెండుసార్లు చదువుకున్నాను. చాలా రోజుల తర్వాత ఒక వాక్యం కుదిరిందనిపించి సంతోషంగా ఉంది. గంజి సంగతి గుర్తు రాలేదు. తూము దగ్గర చీమల సంగతి కాలనీ మొత్తంలో నాకొక్కడికే తెలుసు, అయినా గుర్తు రాలేదు.

ఆదివారం పదింటికి పోచమ్మ గుడి ముందు యాభై మంది దాకా చేరారు. సంఘం మీటింగు పెడితే ఐదుగురు కూడా రారు. కొందరు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. ఆమె బోరు నల్లా కింద రెండు బకెట్లు నెత్తిన పోసుకుని, తడిచీరతో, చెప్పుల్లేకుండా వచ్చింది. వణుకుతోంది గానీ మొహంలో భయం లేదు. నన్ను చూసి పలకరింపుగా తలూపింది.

“నాకు గబగబా చదవడం రాదండీ అన్నయ్యగారూ. మీరు చెప్తా ఉంటే నేను అంటాను.”

అలా ఆ ప్రమాణం చదివే పని కూడా నాకే వచ్చింది. ఆమె అరచేతిలో కర్పూరం పెట్టి వెలిగించారు.

“పోచమ్మ తల్లి సాక్షిగా చెబుతున్నాను,” అన్నాను.

“పోచమ్మ తల్లి సాక్షిగా చెబుతున్నాను.”

“ఈ పాపకు గానీ, ఈ కాలనీలో మరెవరికి గానీ నేను కీడు తలపెట్టలేదు.”

ఆ మాట ఆమె నాకంటే గట్టిగా అంది. చివర తనంతట తనే, “పాప చల్లగా ఉండాలమ్మా,” అని చేర్చింది. వెనక ఒకరిద్దరు ఫోన్లు దించారు. పాప నాయనమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెత్తబడ్డట్టు కనిపించింది. నేను అక్కడ ఆగిపోవచ్చు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అయిపోయిందనవచ్చు. ఇంకో లైనుందని నాకు తప్ప ఎవరికీ తెలియదు.

“ఈ చేతులతో ఏనాడూ ఏ ప్రాణికీ హాని చేయలేదు,” అని చదివాను.

“ఈ చేతులతో...” అంది. ఆగింది.

కర్పూరం వెలుగుతున్న చేతి వంక చూసుకుంది. తర్వాత నా వంక చూసింది. తనను అంత ఇబ్బందిలో పెట్టిన నన్నే ఓదార్చాలన్నట్టుంది ఆ చూపు.

“అది అనలేనండీ,” అంది మెల్లగా.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అందరికీ ఒక్కసారే అర్థమైంది, తప్పుగా.

“రాలె! నోట్లకెళ్లి రాలె చూసిన్రా!”

“అమ్మోరు నాలికె పట్టుకుంది.”

“వీడియో తీసినవా? మల్ల ఒకపారి చూపెట్టు.”

“గంజి పోస్తానండీ రోజూ,” ఆమె చెప్పబోయింది. “మరిగే గంజి. దాన్లో...”

“గంజి ఎవ్వరికి పోసినవ్? ఏం కలిపి పోసినవ్?” పాప నాయనమ్మ మీదికి వచ్చింది. “చెప్పు, నా బిడ్డకేం పోసినవ్?”

“పాపకి కాదమ్మా. చీమలకి...”

నవ్వులు లేచాయి. నేను చేయెత్తాను. “ఆగుండ్రి. ఆమె చెప్పేది నిజం. హాస్టల్ల గంజి వారుస్తది, ఆడ చీమలు సస్తయ్. గందుకే గా మాట అనలేకపోయింది. నాకు ముందుగాలనే ఎర్క.”

“ముందుగాలనే ఎర్కుంటె మరి ఎందుకు రాసిన్రు సారూ?” అన్నాడు అధ్యక్షుడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

“ఆ ఒక్క మాట తీసేద్దం,” అన్నాను.

“నడిమిట్ల తీసేస్తరా? పేపర్ల అచ్చైనంక మారుస్తరా మీరు?”

ఎవరో వెనక నుంచి అరిచారు: “సారు గామెకు వకీలు పట్టిండు!”

“మీకు మనుమరాలు లేదా సారూ?” అంది నాయనమ్మ. ఉంది. నేను ఇంకా గట్టిగా అరిచి ఉండాల్సింది. ఆ కాగితం అందరి ముందూ చించి ఉండాల్సింది. నేను చేసింది ఏమిటంటే, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకోవడం.

కర్పూరం ఆమె అరచేతిలోనే ఆరిపోయింది. దాన్ని విదల్చాలన్న ధ్యాస కూడా ఆమెకు లేదు.

“అమ్మా, సామాను సర్దుకో. చీకటి పడకముందే పోవాలె,” అన్నాడు అధ్యక్షుడు. ఆ మధ్యాహ్నమే వీడియో హాస్టల్ దాకా పోయింది. ఆమె వండితే పిల్లలు తినరు, రావద్దని అక్కడి నుంచి ఫోను వచ్చింది. పొద్దున నాలుగింటికి నడిచిపోయే దూరంలో గది ఆమెకు ఇక అక్కర్లేకపోయింది.

నాలుగింటికి ఆటో వచ్చింది. ఒక గ్యాస్ పొయ్యి, రెండు సంచులు, ఆ స్టీలు డబ్బా. ఎక్కబోయి మళ్లీ దిగింది. మలుపు దాకా నడిచి, ఎవరో రాళ్లతో పగలగొట్టిన చిప్పల ముక్కలన్నీ ఒక్కొక్కటే ఏరి కవరులో వేసుకుంది.

“గుర్తులు లేకుంట చేస్తుంది చూడు,” అంది పక్క బాల్కనీ.

ఆటో నా గేటు ముందు ఆపించుకుంది. నేను బయటే ఉన్నాను. “పిల్లలు బస్సుకొస్తారు కదండీ. కాలికి గుచ్చుకుంటాయి,” అంది కవరు చూపించి. అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

పది రోజులకు పాప ఇంటికి వచ్చింది. అదే మలుపులో నాయనమ్మ కుంకుమ పూసిన గుమ్మడికాయ దిష్టి తీసి పగలగొట్టింది. దాన్ని ఎవరూ ఫొటో తీయలేదు. వీధి వీధంతా వచ్చి సంతోషపడింది. మర్నాడు పొద్దున నడకకు పోతూ నేనూ ఆ ముక్కల్ని తొక్కకుండా, చెప్పులు పక్కకు జరిపి పోయాను. ఖాళీ ప్లాట్లలో నీళ్లు అలాగే ఉన్నాయి.

నాలుగైదు నెలల తర్వాత ఇబ్రహీంపట్నం చౌరస్తాలో ఆమె కనిపించింది. మంచాల బస్సు కోసం నిలబడి ఉంది. అటువైపు ఒక బడి హాస్టల్లో వంటకు కుదిరిందట, వంటింట్లోనే ఒక మూల పడుకోనిస్తున్నారట. మనిషి చిక్కిపోయింది.

నేనెవరో గుర్తుపట్టగానే ఆమె అడిగిన మొదటి మాట, “పాపకి తగ్గిందాండీ?”

“తగ్గింది. బడికి పోతుంది.”

“నేననుకుంటూనే ఉన్నానండీ. రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను.” నిజంగా తేలికపడ్డట్టు ఊపిరి వదిలింది.

“చీమలకు పెడుతున్నవా ఇంకా?” అన్నాను.

తల అడ్డంగా ఊపింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “మానేశానండీ. కొత్త ఊరు, ఎవరేమనుకుంటారోనని భయం. గంజి మాత్రం పొయ్యక తప్పదు కదండీ. మొహం పక్కకి తిప్పుకుని పోసేస్తున్నాను.”

“తప్పు నాదమ్మా,” అన్నాను. “గా చివరి మాట నేను రాయకుండ ఉండాల్సింది.”

“అయ్యో, మాట మంచిదేనండీ అన్నయ్యగారూ,” అంది కంగారుగా, నాకేదో అవమానం జరిగినట్టు. “అలాగే ఉండాలి మనిషన్నాక. నేనే దానికి సరిపోలేదు.”

బస్సు వచ్చింది. జనం తోసుకుంటూ ఎక్కారు. ఆమె అందరూ ఎక్కేదాకా ఆగి, చివర ఎక్కింది.